జోని మిచెల్ పాటలు మన గిటార్ మీద కుదరాలంటే

బొబ్బిలి నుంచి అడిగిన చెల్లెమ్మకి,

మిగతావాళ్లకి కూడా అర్థం కావడానికి మీ ప్రశ్న ముందుగా నా మాటల్లో చెప్తాను. మీరు నలుగురు స్నేహితులు, నలుగురికీ కెనడా గాయని, పాటలు తనే కట్టుకునే జోని మిచెల్ అంటే ప్రాణం. ఆవిడ పాట 'బోత్ సైడ్స్ నౌ' నేర్చుకుందామని నెట్‌లో కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) చూసి వాయిస్తున్నారు. కార్డ్స్ సరిగ్గానే పడుతున్నాయి గానీ పాట ఆ పాటలా వినిపించడం లేదు. మీలో ఒకమ్మాయి అదే పాట అమెరికా గాయని జూడీ కాలిన్స్ పాడిందే బాగుంటుందంటోంది, ఒకబ్బాయి అసలావిడ తప్ప ఇంకెవరు పాడినా వినలేనంటున్నాడు. మీ గొంతు అంత పైస్థాయికి వెళ్లదు. తెలుగులో పాడుకోవచ్చా అని కూడా అడిగారు. ఇవన్నీ రాశాక చివర్లో, చిన్నప్పుడు నాలుగేళ్లు వీణ నేర్చుకుని మానేశానని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేను ఆ ముక్క పట్టుకునే మొదలుపెడతాను, ఎందుకంటే మీకు కావలసిన సమాధానం సగం అందులోనే ఉంది.

నేను శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లుగా గిటార్ నేర్పుతున్నాను. జోని పాటలు అంతకంటే ముందునుంచీ వింటున్నాను. విశాఖలో నేవీలో పనిచేసే మా మేనమామ ఇచ్చిన ఆవిడ 'బ్లూ' ఆల్బమ్ కేసెట్ మా ఇంట్లో అరిగేదాకా తిరిగింది. కాబట్టి వినికిడి మీద, చేతి మీద తెలిసిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

మీ గిటార్ మామూలు శృతిలో ఉంది. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ. జోని తన పాటలు చాలావరకు ఈ శృతిలో కట్టలేదు. యాభైకి పైగా రకాల శృతులు వాడింది. నెట్‌లో దొరికే కార్డ్స్ ఎవరో మామూలు శృతిలోకి మార్చి రాసినవి. పేరుకి కార్డ్ అదే, మోగే స్వరాలు వేరు. ఆవిడ పాటలో ఎడమ చెయ్యి ఏం చేస్తున్నా వెనకాల రెండు మూడు ఖాళీ తీగలు మోగుతూనే ఉంటాయి. మీ వేళ్లు ఆ తీగల్ని మూసేస్తున్నాయి, అందుకే ఆ మోత రావడం లేదు.

ఇప్పుడు గిటార్ చేతిలోకి తీసుకోండి. ఆరో తీగ, అంటే అన్నిటికంటే లావైనది, ఇ నుంచి డి కి దించండి. నాలుగో తీగకి సరిగ్గా ఒక స్థాయి కింద మోగాలి. అయిదు, నాలుగు తీగలు ముట్టుకోవద్దు. మూడోది జి నుంచి అర స్వరం దించి ఎఫ్ షార్ప్ చెయ్యండి. రెండోది బి నుంచి ఎ కి, మొదటిది ఇ నుంచి డి కి దించండి. ఎక్కడా వేలు పెట్టకుండా పై నుంచి కిందకి ఒక్కసారి మీటండి. డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి. మీ వీణ మాస్టారు అక్కడ కూర్చుని ఉంటే ఏమంటారు? స, ప, స, గ, ప, స. ఆ గ అంతర గాంధారం.

మీ వీణలో వాయించే నాలుగు తీగలు సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం వరసగా స, ప, స, ప. పక్కన తాళం తీగలు మూడూ స, ప, స. పుట్టినప్పటి నుంచీ మన చెవికి అలవాటైన అమరిక అది. అంటే జోని శృతి మీకు కొత్తది కానే కాదు, ఒక గాంధారం ఎక్కువ, అంతే. నిజానికి మీకు కొత్తగా ఉండాల్సింది గిటార్ మామూలు శృతే. దానిలో ఖాళీ తీగలు మీటితే ఏ రాగమూ నిలవదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కాస్త వీణ గానీ వయొలిన్ గానీ తెలిసినవాళ్లకి ఈ స ప స గ ప స చూపించగానే ముఖం విప్పారుతుంది. మిగతావాళ్లకి వారం పట్టేది వీళ్లకి ఒక పూటలో వస్తుంది.

ఈ శృతిని ఓపెన్ డి అంటారు. అయిదో ఫ్రెట్ (వీణలో మెట్టు లాంటిది) మీద ఒక్క వేలు అడ్డంగా వేస్తే మధ్యమం కార్డ్, ఏడో ఫ్రెట్ మీద వేస్తే పంచమం కార్డ్. ఖాళీ తీగల కార్డ్‌తో కలిపి ఈ మూడింటితో ఆవిడ పాట 'బిగ్ ఎల్లో టాక్సీ' దాదాపు మొత్తం పాడుకోవచ్చు. ఆవిడ ఆ పాటకి వాడింది ఓపెన్ ఇ, అంటే ఇదే అమరిక రెండు ఫ్రెట్లు పైన. కానీ ఓపెన్ ఇ కోసం మూడు తీగలు పైకి బిగించాలి, తెగే ప్రమాదం ఉంది. మన గాలిలో తేమకి తీగలు తొందరగా తుప్పు పడతాయి కూడా. డి లోనే పెట్టి రెండో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) బిగిస్తే ఇ వచ్చేస్తుంది. ఒక జాగ్రత్త: షాపులో కొత్త గిటార్లకి చాలావరకు సన్న తీగలు వేసి ఇస్తారు. శృతి దించితే అవి వదులై గరగరమంటాయి. పన్నెండు నంబర్ సెట్ అడిగి వేయించుకోండి.

ఆవిడ ఈ దారిలోకి ఎలా వచ్చిందో తెలిస్తే పాట మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. జోని 1943 నవంబరు 7న కెనడాలో అల్బర్టా రాష్ట్రంలో పుట్టింది, పెరిగింది సాస్కటూన్‌లో. తొమ్మిదేళ్లప్పుడు పోలియో వచ్చింది. నడక తిరిగి వచ్చింది గానీ ఎడమ చేతిలో బలం తగ్గింది. తర్వాత గిటార్ పట్టుకున్నప్పుడు మామూలు కార్డ్స్ నొక్కడం కష్టమైంది. ఒక వేలితోనో రెండు వేళ్లతోనో నిండుగా మోగాలంటే తీగలే ముందుగా శృతిలో ఉండాలి. అవసరం కోసం మొదలైన పని ఆ తర్వాత ఆవిడ ఆలోచనే అయిపోయింది.

దీన్నే ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తాను, మీకు వీణ తెలుసు కాబట్టి. అదే ఓపెన్ డి లో మూడో తీగ మొదటి ఫ్రెట్ నొక్కి మీటండి. గాంధారం పోయి శుద్ధ మధ్యమం వచ్చింది. ఇప్పుడు ఆ కార్డ్‌లో గాంధారమే లేదు. గాంధారం లేకపోతే అది సంతోషమో దిగులో చెప్పలేం: అంతర గాంధారం పడితే వెలుగు, సాధారణ గాంధారం పడితే నీడ, ఏదీ పడకపోతే తేలదు. ఇలాంటి కార్డ్స్‌కి ఆవిడే ఒక పేరు పెట్టుకుంది, ప్రశ్న అడిగే కార్డ్స్ అని. తన జీవితంలో తేలని ప్రశ్నలున్నాయి కాబట్టి సంగీతంలోనూ అవే వచ్చాయంటుంది. కవర్ పాడేవాళ్లు, అంటే ఇంకొకరి పాటని తమ గొంతుతో పాడేవాళ్లు, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. ఆ మధ్యమాన్ని వెంటనే గాంధారంలోకి దించేసి పాటకి సమాధానం చెప్పేస్తారు. దించకండి. ఆవిడ ఎంతసేపు వేలాడదీస్తే అంతసేపూ వేలాడనివ్వండి.

ఇక మీ స్నేహితుల గొడవ సంగతి. అసలావిడ తప్ప ఎవరినీ విననన్న తమ్ముడికి ఒక విషయం చెప్పండి. 'బోత్ సైడ్స్ నౌ' లోకానికి ముందుగా తెలిసింది కవర్‌గానే. జోని 1967లో విమానంలో కూర్చుని అమెరికా రచయిత సాల్ బెల్లో నవల చదువుతోంది. అందులో కూడా ఒకతను విమానంలోంచి కిందున్న మబ్బుల్ని చూస్తాడు. ఆవిడ పుస్తకం మూసి కిటికీలోంచి చూసి ఈ పాట మొదలుపెట్టింది. అదే ఏడాది జూడీ కాలిన్స్ తన ఆల్బమ్‌లో పాడేసింది. 1968లో అది సింగిల్‌గా వచ్చి అమెరికా చార్టుల్లో ఎనిమిదో స్థానం దాకా వెళ్లింది. జోని సొంత రికార్డింగ్ వచ్చింది 1969లో. ఆవిడదే ఇంకో పాట 'ద సర్కిల్ గేమ్' కూడా అంతే, బఫీ సెయింట్ మేరీ, టామ్ రష్ లాంటివాళ్లు ముందే పాడేశారు. రికార్డుల లోకంలో ఆవిడ మొదట పాటలు కట్టే మనిషి, ఆ తర్వాతే గాయని. కవర్లని పక్కన పెడితే ఆవిడ మొదటి మూడేళ్ల కథే ఉండదు.

అయితే జూడీ కాలిన్స్ రికార్డింగే మేలంటున్న అమ్మాయితో కూడా నేను పూర్తిగా ఏకీభవించను. అది అందమైన రికార్డింగ్. హార్ప్సికార్డ్ (పియానో లాంటి పాతకాలపు వాయిద్యం) గలగలలాడుతూ ఉంటుంది, గొంతు నీళ్లలా ఉంటుంది. కానీ పాట మూడు చరణాల్లో ముందు మబ్బులు, తర్వాత ప్రేమ, ఆ తర్వాత బతుకు. మూడో చరణానికి వచ్చేసరికి బరువు పెరగాలి. జూడీ గొంతులో మూడు చరణాలూ ఒకే తూకంలో నడుస్తాయని నాకనిపిస్తుంది. డేవ్ వాన్ రాంక్ అని న్యూయార్క్‌లో ఒకాయన ఆ రోజుల్లోనే ఇదే పాట గరుకు గొంతుతో పాడాడు, అది కూడా వినండి. గొంతు బాగోకపోయినా పాట బాగుంటుందనడానికి నేను మా పిల్లలకి వినిపించేది అదే.

అన్నిటికంటే మీకు కావలసింది జోని తన పాటకి తానే చేసుకున్న కవర్. 1969లో పాడినప్పుడు ఆవిడకి ఇరవై అయిదేళ్లు, గొంతు పక్షిలా ఎగురుతుంది. 2000లో పెద్ద ఆర్కెస్ట్రాతో, విన్స్ మెండోజా చేసిన వాద్యాల కూర్పుతో మళ్లీ పాడింది. అప్పటికి యాభై ఆరేళ్లు. ఏళ్ల తరబడి సిగరెట్లకి గొంతు బాగా కిందకి దిగిపోయింది. ఆ దిగిన గొంతు దగ్గరికే పాటని దించింది. నడక బాగా నెమ్మది. మూడో చరణంలో స్నేహితులు తల ఊపుతూ నువ్వు మారిపోయావంటారని వస్తుంది చూడండి, అక్కడ ఆవిడ పాడటం మానేసి దాదాపు మాట్లాడుతుంది. ఆ ఒక్క చోటు కోసం ఆ రికార్డింగ్ ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో లెక్క లేదు. 2015లో మెదడులో రక్తనాళం చిట్లి మాట, నడక అన్నీ మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది ఆవిడకి. 2022 జూలైలో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో కుర్చీలో కూర్చుని మళ్లీ ఇదే పాట పాడింది. ఆ వీడియో చూడండి, చుట్టూ ఉన్న గాయకులు కళ్లు తుడుచుకుంటూ కనిపిస్తారు. 2024 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద ఎనభై ఏళ్ల వయసులో మళ్లీ పాడింది.

అంచేత పైస్థాయి అందడం లేదని మీరు బాధపడనక్కర్లేదు. నా కేసెట్ ప్లేయర్‌లో బ్యాటరీలు అయిపోయేటప్పుడు టేపు నెమ్మదించి ఆవిడ గొంతు కిందకి జారేది. ఆ జారిన శృతిలోనే ఆ పాటలు మొదటిసారి నా గొంతుకి అందాయి. మీరు అమ్మతో ఫోన్లో మాట్లాడే గొంతు ఎక్కడుందో చూసుకోండి. పాట మొదటి మాట ఆ గొంతులో అనండి. ఆ స్వరం ఎక్కడ పడుతుందో చూసి కేపో అక్కడ పెట్టండి. సున్నా నుంచి నాలుగో ఫ్రెట్ లోపల ఎక్కడో మీ చోటు దొరుకుతుంది. రికార్డింగ్‌తో కలిపి పాడటం మాత్రం మానేయండి. కలిపి పాడినన్నాళ్లూ మీ గొంతు ఆవిడ వెనకాల పరుగెడుతూనే ఉంటుంది.

యాస కూడా అంతే. మా దగ్గర కొందరు పిల్లలు జోని పాట పాడేటప్పుడు ఆర్ అక్షరం నాలుక మడిచి పలుకుతారు. అక్కర్లేదు. మనకి వంగపండు ప్రసాదరావు గారి పాట తెలుసు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి ఆయనది, షిప్‌యార్డ్‌లో పనిచేశారు, 2020 ఆగస్టు 4న మనల్ని వదిలి వెళ్లారు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవా' అన్న పాటని ఎవరైనా 'వెళదాం వస్తావా' అని దిద్ది పాడితే మీకు ఎలా ఉంటుంది? దరువు మీద కాలు పడదు. 'ఎల్దమొస్తవా' అన్న మాటలోనే డప్పు ఉంది. ఆ యాస ఆ పాటది, ఆయనది. అలాగే బొబ్బిలి అమ్మాయి ఇంగ్లీషు పాట పాడితే బొబ్బిలి అమ్మాయి ఇంగ్లీషే వినిపించాలి. మాట స్పష్టంగా పలకండి, చాలు.

ఒకే పాట ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే జోని రాసిన 'వుడ్‌స్టాక్' మూడు రకాలుగా వినండి. 1969 ఆగస్టులో అమెరికాలో ఆ పేరుతో జరిగిన పెద్ద సంగీత ఉత్సవానికి జోని వెళ్లలేకపోయింది. మర్నాడు టీవీ షో ఉందని న్యూయార్క్‌లో ఆపేశారు. వెళ్లలేని బాధలోనే, టీవీలో చూస్తూ పాట రాసింది. ఆవిడ పాడింది ఎలక్ట్రిక్ పియానో మీద, జాతర అయిపోయాక ఖాళీ మైదానంలో నిలబడి పాడినట్టుంటుంది. అదే పాటని 1970లో క్రాస్బీ, స్టిల్స్, నాష్, యంగ్ రాక్ చేసి ఊగించారు. అదే ఏడాది మాథ్యూస్ సదరన్ కంఫర్ట్ అనే బ్యాండ్ మెత్తగా పాడి ఇంగ్లాండులో నంబర్ వన్ చేసింది. మూడూ నిజమే. నాకు మాత్రం ఆవిడదే.

'బిగ్ ఎల్లో టాక్సీ' గురించి ఒక సంగతి చెప్పాలి. ఆవిడ హవాయిలో హోటల్ కిటికీ తెర తీసి చూస్తే దూరంగా పచ్చటి కొండలు, కిందేమో కనుచూపు మేర కార్ పార్కింగ్. ఆ చూపులోంచి వచ్చిన పాట అది. చెట్లు కొట్టేసి మ్యూజియంలో పెట్టి, చూడ్డానికి టికెట్ పెట్టారంటుంది. రైతుని బతిమాలుతుంది, డీడీటీ పురుగుమందు పక్కన పెట్టవయ్యా, పండు మీద మచ్చలున్నా ఫర్వాలేదు, పిట్టల్ని తేనెటీగల్ని ఉండనీ అని. హుషారైన నడక, చివర్లో గొంతు బాగా పైకి వెళ్లి, ఒక్కసారి కిందకి దూకి, నవ్వేస్తుంది. అందరూ ఆ నవ్వు కూడా కాపీ కొడతారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలు ఎలా పడిపోయాయో చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత రెండు నెలలకి ఉద్దానం అమ్మాయి ఒకతె క్లాసుకి తిరిగి వచ్చింది. వాళ్ల తాత నాటిన తోట మొత్తం పోయింది. తుఫానుకి ముందు తను ఈ పాటే నేర్చుకుంటూ ఉండేది. నేను వేరే పాట తీద్దామన్నాను. వద్దు మాస్టారూ, ఇదే అంది. ఓపెన్ డి లో, కేపో లేకుండా, సగం వేగంతో మొదలుపెట్టింది. చెట్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు పోలేదు గానీ కుడి చెయ్యి ఆగిపోయింది, మాటలు మాత్రం నడిచాయి. చివరి నవ్వు దగ్గర నా వైపు చూసి ఇక్కడేం చెయ్యాలి అన్నట్టు కళ్లతో అడిగింది. నేనేమీ అనలేదు. ఖాళీ తీగలు ఒకసారి మీటి వాటంతటవి ఆగేదాకా చెయ్యి పెట్టకుండా కూర్చుంది. స, ప, స, గ, ప, స. ఆ పాటకి ఎన్నో కవర్లు విన్నాను. కౌంటింగ్ క్రోస్ అనే బ్యాండ్ వాళ్లది కుర్రాళ్లందరికీ తెలుసు, బాగుంటుంది. నాకు గుర్తున్నది మాత్రం ఆ మధ్యాహ్నమే.

తెలుగులో పాడటం గురించి. ఇంట్లో, స్నేహితుల మధ్య హాయిగా పాడుకోండి. యూట్యూబ్‌లో పెట్టాలన్నా, రికార్డు చెయ్యాలన్నా అనువాదానికి ఆ పాట హక్కుదారుల అనుమతి కావాలి. మన కాపీరైట్ చట్టంలో 31సి సెక్షన్ కింద అయిదేళ్లు దాటిన పాటకి కవర్ రికార్డు చెయ్యడానికి వీలుంది. కానీ ఏడాదికి కనీసం 50,000 కాపీలకి రాయల్టీ ముందుగా కట్టాలి, పైగా పాటలో మార్పులు చెయ్యకూడదు. అనువాదం దాని కిందకి రాదు.

రాసేటప్పుడు వచ్చే అసలు చిక్కు వేరే ఉంది. ఇంగ్లీషు మాటలు ఒక్క దెబ్బలో అయిపోతాయి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, సాగుతాయి. ఆవిడ ఒక్క దరువులో అనేసే 'క్లౌడ్స్' మనకి 'మేఘాలు' అయితే మూడు అక్షరాలు, 'మబ్బు' అయితే రెండు. కాబట్టి 'మబ్బు' అనండి, పైగా అది మన మాట. ప్రతి లైనులో సగం సమాచారం వదిలేయాల్సి వస్తుంది, ధైర్యంగా వదిలేయండి. మబ్బుల్ని ఐస్‌క్రీమ్ కోటలన్న ఆవిడ ఊహ మనకి అక్కర్లేదు. దుక్కి దున్ని వాన కోసం తూర్పు చూసే ఊళ్లో మబ్బుకి వేరే అర్థాలున్నాయి, అక్టోబరులో ఇంకో అర్థం ఉంది. అవి రాయండి. మూడు చరణాల వరస మాత్రం మార్చొద్దు.

ఆఖరిగా వీణ సంగతి. 1971లో వచ్చిన 'బ్లూ' ఆల్బమ్‌లో నాలుగు పాటలకి ఆవిడ గిటార్ పక్కన పెట్టి డల్సిమర్ వాయించింది: 'ఆల్ ఐ వాంట్', 'కేరీ', 'కాలిఫోర్నియా', 'ఎ కేస్ ఆఫ్ యూ'. డల్సిమర్ అంటే ఒళ్లో పెట్టుకుని వాయించే చిన్న వాయిద్యం. పాట ఒక తీగ మీద నడుస్తుంది, పక్క తీగలు శృతి పట్టుకుని మోగుతూ ఉంటాయి. సారణి, తాళం తీగలు అనుకోండి. 'ఎ కేస్ ఆఫ్ యూ' ఎంతోమంది పాడారు. ప్రిన్స్ పాడాడు, డయానా క్రాల్ పాడింది. బొబ్బిలి వీణ మీద వాయించగా నేను ఇంతవరకు వినలేదు. మీ వీణ అటక మీద ఉంటే దింపండి. పనస కర్ర గట్టిది, దానికేమీ అయి ఉండదు. మెట్ల కింద మైనం మాత్రం ఎండి పగిలి ఉంటే గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, మీకు పక్కనే కదా. తాళం తీగలు కొత్తవి వేయించండి. కొత్త తీగలు సాగి శృతి నిలబడటానికి రెండు మూడు రోజులు పడుతుంది, రోజూ పొద్దున్నే ఒకసారి సరిచేసుకోండి. తర్వాత 'ఎ కేస్ ఆఫ్ యూ' మొదటి చరణం సారణి మీద గమకాలు లేకుండా, సాదాగా వాయించి చూడండి. స్వరం ఎక్కడైనా అనుమానం వస్తే అడగండి, చరణం మొత్తం సరిగమల్లో రాసి పెడతాను.